తంతి గిన్నెల ఎరుక

పాత తంతి స్తంభాల తలమీద తెల్లగా, బోర్లించిన గిన్నెలాగా ఉండే వస్తువు పేరు అడిగితే మా ప్రొద్దుటూరు వైపు పెద్దలు పింగాణీ అని ఊరుకుంటారు. అన్నం తినే పళ్ళెమూ పింగాణీయే, ఇదీ పింగాణీయే. కరెంటు పని చేసేవాళ్ళు ఇన్సులేటర్ అంటారు. మేము మాలో మేము తంతి గిన్నెలు అనుకుంటాం. ఆరేళ్ళుగా వీటిని పోగు చేస్తున్నాం. ఇప్పటికి నూట నలభైమూడు అయినాయి.

మేమంటే ఆరుగురం. ప్రొద్దుటూరు దగ్గరి ఎరుకల కాలనీ వాళ్ళం ముగ్గురం, పులివెందుల వైపు తాండాల నుంచి వచ్చిన సుగాలి స్నేహితులు ఇద్దరు, జమ్మలమడుగు మండలంలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపే టీచరు ఒకరు. మాలో ఎవరికీ ఇది పుట్టుకతో వచ్చిన సరదా కాదు. ఇద్దరి ఇళ్ళలో పాత సామాన్లు ఏరి అమ్ముకునే పని ఉంది. గోతం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి, ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ పోగు చేసి సాయంత్రానికి గుజిరీ అంగడిలో తూకం వేయించే పని. ఆ గోతాల్లోనే మొదటి గిన్నెలు మా కంటబడినాయి.

గుజిరీ అంగడిలో పింగాణీకి విలువ లేదు. కిలోకు పైసా రాదు. గిన్నె లోపల బిగించి ఉన్న ఇనుప మొలకే ధర. అందుకని అంగడి వెనక సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి గిన్నె పగలగొట్టి, మొలను మాత్రం ఇనుప కుప్పలోకి విసురుతారు. తెల్ల పెంకులు గోడవార గుట్టగా పడి ఉంటాయి. ఆ పెంకులు తిరగేసి చూస్తుండగా ఒకదాని మీద లండన్ అన్న మాట, ఇంకొకదాని మీద 1942 అన్న అంకె కనిపించినాయి. నూరేండ్లకు పైబడిన వస్తువులు కూడా కొంచెం ఇనుము కోసం పగిలిపోతున్నాయని అప్పుడు తెలిసింది. అంగడాయనతో మాట్లాడి, పగలగొట్టక ముందే మాకు చూపమని అడిగినాం. మొలను ఇనుము ధరకు మేమే కొంటామన్నాం. ఆయనకు నష్టం లేదు, మాకు గిన్నె దక్కింది. బేరం అట్లా కుదిరింది.

ఇంతకీ ఆ గిన్నె చేసే పనేమిటి? తీగలో పారే కరెంటు స్తంభంలోకి దిగి భూమిలో ఇంకిపోకుండా ఆపడం. తీగను నేరుగా కొయ్యకో ఇనుప కమ్మీకో కడితే, వానకు తడిసినప్పుడు కరెంటంతా కిందికి జారిపోతుంది. తంతి కరెంటు చాలా బలహీనమైనది, దూరం పోయేది. స్తంభానికి కొంచెం కొంచెం కారినా వంద మైళ్ళ తరవాత అవతలి వాడికి టక్కుమన్న శబ్దం అందదు. అందుకే గిన్నెను బోర్లిస్తారు. గిన్నె లోపల ఇంకో చిన్న గిన్నె ఉండేలా రెండు అంచులతో చేస్తారు. పై అంచు తడిసినా లోపలి అంచు పొడిగా ఉంటుంది. కరెంటు కారిపోవాలంటే పై గిన్నె మీదుగా దిగి, లోపలికి ఎక్కి, మళ్ళీ దిగి పోవాలి. అంత దూరం పొడి పింగాణీ మీద అది నడవలేదు. గొడుగు కింద గొడుగు పట్టుకున్నట్టు. మా కడప జిల్లాలో వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము గిన్నెల మీద పేరుకుని, చలికాలం మంచుకు తడిసిందంటే, వాన లేకపోయినా కరెంటు దుమ్ము మీదుగా పాకుతుంది. దుమ్ము చోట గిన్నెలను కడగవలసి రావడం ఇందుకే.

మన దేశంలో తంతి కథ 1839లో కలకత్తాలో మొదలైంది. ఓషానెస్సీ అనే వైద్యుడు అక్కడ ప్రయోగం చేసి చూపించాడు. 1850-51లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు దాకా తీగ వేశారు. 1855 ఫిబ్రవరిలో మామూలు జనానికి తంతి అందుబాటులోకి వచ్చింది. అప్పటి తీగలను వెదురు మీద, కొయ్య మీద, మద్రాసు వైపు కొన్నిచోట్ల రాతి స్తంభాల మీద మోయించారు. కడప బండలు నిలువుగా పాతి పొలానికి కంచె వేసుకునే మాకు రాతి స్తంభం మీద తీగ అంటే వింతగా అనిపించలేదు. తంతి సేవ 2013 జూలై నడిమిలో ఆగిపోయింది. చివరి రోజు పెద్ద పట్నాల్లో జనం క్యూలు కట్టి తమకు తామే తంతి ఇచ్చుకున్నారు. మా కాలనీలో మాత్రం ఎవరూ బాధపడలేదు. తంతి వచ్చిందంటే చావు కబురనే మా పెద్దల లెక్క.

గిన్నెలు పోగు చేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారని టీచరు చెప్పేదాకా మాకు తెలియదు. అమెరికాలో ఇది పెద్ద వ్యాపకం. 1973లో వాళ్ళు జాతీయ స్థాయిలో ఒక సంఘమే పెట్టుకున్నారు. ఒక తేడా ఏమిటంటే, వాళ్ళవి ఎక్కువగా గాజు గిన్నెలు. ఇంగ్లండు వాళ్ళు తంతికి పింగాణీ మెచ్చారు. గాజు మీద తేమ పొరలా పట్టుకుంటుందని వాళ్ళ అభిప్రాయం. వాళ్ళ పాలన కింద ఉన్నందువల్ల మనకూ పింగాణీయే వచ్చింది. అమెరికాలో గాజు చవక, అచ్చు పోయడం త్వరగా అవుతుంది, కాబట్టి కోట్ల లెక్కన గాజువే చేశారు.

టీచరు దగ్గర చదువుకున్న ఒకాయన సెలవులకు వచ్చినప్పుడు ఒక గాజు గిన్నె తెచ్చిచ్చాడు. లేత నీలిపచ్చ రంగు. ఎండకు పట్టుకుంటే పెన్నలో నీళ్ళు నిలిచిన మడుగులాగా ఉంటుంది. ముందువైపు హెమింగ్రే-42 అని, వెనకవైపు అమెరికాలో చేసినట్టు ఉబ్బెత్తు అక్షరాలు. హెమింగ్రే కంపెనీ ఇండియానా రాష్ట్రంలోని మన్సీ ఊళ్ళో 1960ల దాకా వీటిని చేసింది. అక్కడ ఇది అన్నిటికంటే సులువుగా దొరికే రకం, ధర పెద్దగా పలకదు. మాకు మాత్రం అది బడి. గాజు వస్తువును ఎట్లా చదవాలో దాని మీదే నేర్చుకున్నాం.

చదవడం అంటే అచ్చును చదవడం. కాలిన గాజు ముద్దను ఇనుప అచ్చులో వేసి, పైనుంచి దూలంతో నొక్కుతారు. అచ్చు ఒకే ముక్కగా ఉంటే గిన్నె బయటికి రాదు, అందుకని రెండు మూడు ముక్కలుగా తెరుచుకునేలా చేస్తారు. ఆ ముక్కలు కలిసే చోట సన్నని గీత గాజు మీద మిగిలిపోతుంది. గీత నెత్తి మీదుగా ఇటునుంచి అటు పోతే రెండు ముక్కల అచ్చు. నెత్తి కింద చుట్టూ వలయంగా తిరిగి, అక్కడినుంచి పక్కలకు దిగితే మూడు ముక్కల అచ్చు, నెత్తికి వేరే మూత ఉందన్నమాట. గాజు ఇంకా వేడిగా ఉండగానే లోపలికి మర ఉన్న కడ్డీ దించి, తిప్పి బయటికి తీస్తారు. దానివల్ల లోపల చుట్లు ఏర్పడతాయి. చుట్లు లేని నున్నటి రంధ్రమైతే పాత రకం. లోపల మర పెట్టే పద్ధతికి 1865 జూలైలో లూయీ కోవే అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు.

అచ్చు గీత అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి అమెరికా గిన్నె అక్కరలేదు. ప్రొద్దుటూరులో గోలీసోడా బండి దగ్గర నిలబడి సీసా పక్కన వేలు నిలువుగా జరిపితే గీత తగులుతుంది. మెడ దగ్గర గీత ఆగుతుంది, ఎందుకంటే గోలీ లోపల వేశాక మూతిని విడిగా సరిచేస్తారు. మా టీచరు ఇప్పటికీ ఈ పాఠం సోడా తాగించే చెబుతుంది. ఖర్చు ఆమెదే.

అసలు మజా అచ్చుల తేడాల్లో ఉంది. ఒకే రకం గిన్నెను ఒక కంపెనీ ఎన్నో అచ్చుల్లో పోసేది. ప్రతి అచ్చునూ ఒక మనిషి చేత్తో చెక్కాడు. గాజు మీద అక్షరం సరిగా రావాలంటే అచ్చులో తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి చెక్కాలి. అక్కడే చేతులు తడబడేవి. ఒక అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఒక అక్షరం మరిచిపోయి తరవాత ఇరికించినట్టు ఉంటుంది. అరిగిన అచ్చును చదును చేసి కొత్త పేరు చెక్కితే, పాత పేరు నీడలా కింద కనబడుతుంది. కొన్నిటి అడుగంచున చిన్న చుక్కల్లాంటి బొడిపెలు ఉంటాయి, నీటిబొట్టు వాటి కొనలనుంచి జారిపోవాలని. ఆ బొడిపెల పేటెంటు తేదీ 1893 మే 2. చాలా గిన్నెల మీద ఆ తేదీ ఉంటుంది. తేదీ ఉంది కాబట్టి గిన్నె ఆ సంవత్సరానిదే అనుకోకూడదు. పేటెంటు తేదీ ఉన్న అచ్చు ఏండ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. గిన్నె మీది తేదీ పుట్టినరోజు కాదు, ఇంటిపేరు లాంటిది.

ఈ గందరగోళాన్ని సర్దడానికి ఎన్. ఆర్. వుడ్‌వార్డ్ అనే ఆయన ఆకారాన్ని బట్టి అంకెలు ఇచ్చాడు. వాటిని సీడీ అంకెలు అంటారు. మా దగ్గరున్న హెమింగ్రే-42 ఆకారం సీడీ 154. ఏ కంపెనీ చేసినా, ఏ రంగయినా, ఆకారం అదే అయితే అంకె అదే. పింగాణీకి జాక్ టాడ్ అనే ఆయన వేరే పట్టిక చేశాడు. ముందు ఆకారం, తరవాత పేరు, తరవాత అచ్చు తేడా, చివరికి రంగు. ఈ వరసలో చూడడం మేము వాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం రంగుతోనే మొదలుపెడతారు, మోసపోయేదీ అక్కడే. గాజులో మాంగనీసు కలిపి ఉంటే ఏండ్ల తరబడి ఎండలో ఉండి లేత ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగును కిరణాలతో దొంగగా తెప్పించి ఎక్కువ ధరకు అమ్మేవాళ్ళూ ఉన్నారు.

మనకు దొరికే పింగాణీని చదవడం వేరే విద్య. మట్టి వస్తువుకు గాజులో లాగా గీతలు కనపడవు, గీకి, పూత పూసి, కాల్చేస్తారు. కాబట్టి మేము ముందు తట్టి చూస్తాం. సంతలో కుండ కొనే అవ్వలు చేసే పనే. ఖంగుమంటే బాగున్నట్టు, బొద్దుగా మోగితే లోపల నెర్రె ఉన్నట్టు. తరవాత పూత లేని చోటు ఎక్కడుందో వెతుకుతాం. కొలిమిలో ఒక గిన్నె దేనిమీదో నిలబడి కాలాలి, నిలబడిన చోట పూత ఉంటే అతుక్కుపోతుంది. అందుకని అక్కడ పూత తుడిచేస్తారు. కొన్నిటికి కింది అంచు గరుకుగా ఉంటుంది, కొన్నిటికి నెత్తి గరుకుగా ఉంటుంది. ఏ వైపు నిలబెట్టి కాల్చారో దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ తరవాత గుర్తు. పూత కింద నల్లగానో ఆకుపచ్చగానో అచ్చుగుద్దిన ముద్ర ఒక రకం, పచ్చి మట్టిలోనే నొక్కిన ముద్ర ఇంకో రకం. నొక్కిన ముద్రలో పూత నిండి అక్షరాలు మసకబారితే, పలచని కాగితం పరిచి పెన్సిలు పక్కకు వంచి రుద్దుతాం. కాగితం మీద అక్షరాలు లేస్తాయి. లోపలి మర చుట్లు లెక్కబెట్టడానికి చపాతీ పిండి ముద్ద నూనె రాసి దూర్చి, మెల్లగా తిప్పి తీస్తాం. తాండా స్నేహితురాలు కనిపెట్టిన ఉపాయం అది.

ఇట్లా చూస్తే మా నూట నలభైమూడిటిలో ఒక వరస కనబడింది. బుల్లర్స్ లండన్ అన్న ముద్ర ఉన్నవి పాతవి. బుల్లర్స్ వాళ్ళ కొలుములు ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైరు వైపు ఉండేవి. అక్కడ కాలిన మట్టి ఓడెక్కి వచ్చి మన ముద్దనూరు ఎండలో నిలబడింది. స్వాతంత్ర్యం తరవాతివి మన దేశపు పేర్లతో ఉన్నాయి: బెంగాల్ వైపు జయశ్రీ, మద్రాసు డబ్ల్యు.ఎస్., బెంగళూరు భెల్. బెంగళూరులో మైసూరు వాళ్ళు పెట్టిన పింగాణీ ఫ్యాక్టరీయే తరవాత భెల్‌లో కలిసింది. ఇవి చాలావరకు తంతివి కావు, కరెంటు లైన్లవి. గోధుమరంగు పూత, బరువు ఎక్కువ. స్టే వైరు నడుమ వేసే కోడిగుడ్డు ఆకారపువి, మూలల్లో తీగ తిరిగే చోట పెట్టే షాకిళ్ళు, పాత ఇళ్ళ ఫ్యూజు డబ్బాల్లోని కిట్‌క్యాట్లు కూడా పోగు చేస్తున్నాం. కిట్‌క్యాట్లు పోగు చేయడం గురించి మాలో మాకే తగువుంది. అది గిన్నె కాదని ఒకరు, పింగాణీయే కదా అని ఒకరు.

ఒకసారి ఈ పని చూస్తూ కూర్చున్న మా అవ్వ మధ్యలో అందుకుంది. ఆమె ఈత బరికెలతో గంపలు అల్లుతుంది. "అంకెలెందుకురా? గంప అడుగు చూస్తే ఇది ఎవురు అల్లిందో నేను చెప్తా" అంది. పరీక్షించినాం. నాలుగు ఇళ్ళనుంచి నాలుగు గంపలు తెచ్చి బోర్లించినాం. ఒకదాని అడుగు దగ్గర మొదటి పుల్లలు ఎట్లా దాటించారో చూసి ఒక పేరు, ఇంకొకదాని అంచు కట్టు వదులు చూసి ఒక పేరు చెప్పింది. నాలుగూ సరే. ఒక ఇంట్లో తల్లి పోయి కోడలు అల్లుతోంది, కోడలు అత్త చేతినే నేర్చుకుంది, అయినా చివరి ముడి తన పుట్టింటిది వేస్తుందట. అచ్చు మీద పాత పేరు నీడ కనబడడం అంటే మాకు అప్పుడు బాగా అర్థమయింది. ఎరుక చెప్పడం అంటే మా కులంలో సోది చెప్పడం అని లోకం అనుకుంటుంది. వస్తువు చూసి చెయ్యి చెప్పడమూ ఎరుకే. ఈ పేరు మేము పెట్టుకున్నది అవ్వ వల్లనే.

ఇప్పుడు చెప్పక తప్పని విషయం. అమెరికాలో ఒక తెల్లాయన గోతంలో పదకొండు గిన్నెలు వేసుకుని రోడ్డున పోతే, ఆయన్ను సరదా మనిషి అంటారేమో. మాలో ఒక తమ్ముడు పోయినప్పుడు ఆపి, గోతం విప్పించి, "రాగి తీగ యాడ పెట్టినావు?" అని అడిగారు. ఊరి పేరు, కాలనీ పేరు చెప్పినాక ఇక వినలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోబెట్టినారు. టీచరు మా నోటుపుస్తకం, అంగడి చీటీలు పట్టుకుని పోయి చూపించాక పంపించారు. పదకొండులో నాలుగు పగిలి తిరిగి వచ్చినాయి. పగిలిన వాటిలో ఒకటి రెండంచుల పాతది, మా దగ్గర అట్లాంటిది అదొక్కటే ఉండేది. వాడు దాని గురించి మాట్లాడలేదు. వారం రోజులు గోతం ముట్టలేదు, అంతే.

దీనికి వెనక చట్టాలున్నాయి, అవి మన పిల్లలు చదవాలి. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911లో కొత్త చట్టంగా మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా రాశారు. వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలంటే చెప్పి పోవాలన్నారు. స్టువర్టుపురం, సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కాగితం మీద రద్దయింది. ఇక తంతి తీగల సంగతి: 1950లో తంతి తీగలను అక్రమంగా ఉంచుకోవడం మీద ఒక చట్టం చేశారు, అది 2023లో రద్దయింది. రైలు ఆస్తి మీద 1966లో ఇంకొకటి. ఈ రెంటిలోనూ ఉన్న మెలిక ఒకటే. అనుమానం ఉన్న వస్తువు నీ దగ్గర దొరికితే, అది న్యాయంగా నీ చేతికి వచ్చిందని చూపవలసింది నువ్వే. తీగల దొంగతనం ఆపడానికి అట్లాంటి చట్టం కావాలని మేమూ ఒప్పుకుంటాం. తీగ కోస్తే ఊరికి ఊరు చీకట్లో పడుతుంది. కానీ అంగడి చీటీ అడిగే అలవాటు లేని మనిషికి, అందులోనూ ముత్తాత పేరు రిజిస్టరులో ఉన్న మనిషికి, ఆ భారం వేరే బరువు.

అందుకే మా నోటుపుస్తకానికి మేము ఇచ్చే విలువ గిన్నెలకు కూడా ఇవ్వం. స్తంభం ఎక్కము. నిలబడి ఉన్న స్తంభం మీది గిన్నె ఎంత పాతదైనా, తీగ లేకపోయినా, దాన్ని ఫోటో తీసి వదిలేస్తాం. పడిపోయిన స్తంభం దగ్గర దొరికినా తీసుకోం. అంగడిలో కొన్నదే మాది. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నామో చీటీ రాయించి సంతకం పెట్టించుకుంటాం. మొదట్లో అంగడాయన నవ్వినాడు. ఇప్పుడు అడగకుండానే రాసిస్తున్నాడు. రాగి ముక్క గోరంతయినా మా గోతంలో ఉండదు.

మా పెద్దల అభ్యంతరం పోలీసుల భయం ఒక్కటే కాదు. ఒక తాత సూటిగా అడిగినాడు: "మన గాడిదల నోటికాడి గడ్డి లాక్కున్న దానికి గూడు కడ్తాండారా?" ఆయన అన్నదాంట్లో చరిత్ర ఉంది. రైలు రాకముందు ఎరుకల వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసుకొచ్చి ధాన్యానికి మార్చేవాళ్ళు. లంబాడీల ఎద్దుల బిడారులూ అట్లాగే నడిచేవి. మద్రాసు నుంచి కడప, యర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయే రైలు, బొంబాయి వైపునుంచి వచ్చే రైలు రాయచూరు దగ్గర 1871లో కలిశాయి. నేరస్థ తెగల చట్టం వచ్చిన సంవత్సరమూ అదే. రైలు పక్కనే తంతి తీగ. ఏ ఊళ్ళో ఉప్పు ధర ఎంతుందో తీగ మీద ఒక్క పూటలో తెలిసిపోతే, పది రోజులు నడిచి ధర కనుక్కునే మనిషికి పనేముంటుంది? వ్యాపారం పోయి దారిన తిరిగే మనుషులు మిగిలినారు, తిరిగే మనుషులను నేరస్థులన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి దీని మీద పుస్తకమే రాసింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు 2016లో వచ్చింది, పులివెందులకు ఇంకా రాలేదు. గాడిదలు మాత్రం ఎప్పుడో పోయినాయి.

తాతకు మేము ఇచ్చిన జవాబు ఆయనకు నచ్చలేదు. పగలగొట్టేస్తే ఆ కథకు సాక్ష్యం ఏముంటుందని అన్నాం. "సాక్ష్యం మనకెందుకు, అనుభవించినోళ్ళం మనమే గదా" అన్నాడు. మాలో ఇద్దరు ఇప్పటికీ తాత వైపే. వాళ్ళూ గిన్నెలు తెస్తూనే ఉన్నారు.

పులివెందుల స్నేహితులది ఇంకో లోకం. వాళ్ళ అన్న ఒకాయన కాంట్రాక్టరు కింద పెద్ద టవర్ల పనికి పోతాడు. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం 1994లో కరెంటు ఇవ్వడం మొదలైనప్పటినుంచి ఈ సీమలో ఎటు చూసినా టవర్లే. వాటికి గిన్నెలుండవు, పళ్ళాలు దండగా గుచ్చినట్టు వేలాడతాయి. కొన్ని పింగాణీవి, కొన్ని గాజువి. గాజు పళ్ళెం మామూలు గాజు కాదు, వేడిచేసి గాలితో చప్పున చల్లార్చి గట్టిపరిచినది. దెబ్బ తగిలితే చీలదు, ఒక్కసారిగా జొన్నగింజలంత ముక్కలై రాలిపోతుంది. అట్లా రాలడమే దాని మంచి గుణమని అన్న చెప్పాడు. పింగాణీ లోపల చెడినా బయటికి కనబడదు, గాజు చెడితే కిందినుంచి చూసినా దండలో ఖాళీ కనబడుతుంది, లైనుమన్‌కు వెతుకులాట తప్పుతుంది. టవరు కింద రాలిన ఆ పచ్చని గింజలను తాండా పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు. పేటియాకు, కాంచళికి అద్దాలు కుట్టే ఒక పెద్దమ్మ వాటిని చూసి, "ఇవి కుట్టడానికి రావు, అంచు లేదు" అని పక్కన పెట్టేసింది. అద్దపు ముక్కకు దారం పట్టాలంటే ఎట్లాంటి అంచు ఉండాలో ఆమెకు తెలుసు. అచ్చుల మీద మేము రాసుకున్న పుటల్లో ఆమె మాట కూడా రాసుకున్నాం.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఇది బడిలో పెట్టదగిన పనే. మా టీచరు ఐదో తరగతి పిల్లలకు ఒక గిన్నె ఇచ్చి, పేరు చెప్పకుండా, చూసింది చూసినట్టు రాయమంటుంది. రంగు, ఎత్తు, అంచులు ఎన్ని, గరుకు ఎక్కడ, అక్షరాలు లోపలికా బయటికా. ఊహలు రాయకూడదు. తెలుగు పాఠంలో వర్ణన రాయమంటే "చాలా అందముగా ఉన్నది" అని ఆగిపోయే పిల్లలు, గిన్నె చేతికిస్తే పేజీ నింపుతున్నారు. కొలతలతో లెక్కలు వచ్చేస్తాయి. ముద్రల వల్ల ఊళ్ళు, దేశాలు వస్తాయి. ఒక్క జాగ్రత్త: పగిలిన పింగాణీ అంచు బ్లేడు కంటే పదును, చిన్నపిల్లలకు పెంకులు ఇవ్వకూడదు. స్తంభం దగ్గరికి పిల్లలను తీసుకుపోవద్దు. ఉండేలుతో గిన్నెలు కొట్టే పందెం మా చిన్నప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేది. ఇప్పుడు ఆ గురి తప్పించడానికి పిల్లల చేతికి పెన్సిలు, పలచని కాగితం ఇవ్వడం మాకు తెలిసిన ఒక దారి.

గిన్నెలన్నీ కాలనీ సామాజిక భవనంలో, కడప బండలతో కట్టిన మూడు అరల్లో ఉన్నాయి. ఆదివారం పొద్దున తెరుస్తాం. పోయిన నెల ఒక పదోతరగతి అమ్మాయి తనంతట తానుగా ఒకటి కొని తెచ్చి, నోటుపుస్తకంలో తనే రాసింది. మేము దిద్దలేదు. అది ఇట్లా ఉంది:

"నూట నలభైమూడు. జమ్మలమడుగు గుజిరీ అంగడి. మొలతో సహా ఇరవై రూపాయలు. చీటీ ఉంది. తెలుపు. అంచులు రెండు. గరుకు కింద. తడితే ఖంగుమంది. అక్షరాలు లోపలికి నొక్కినవి, పెన్సిలుకు మూడు లేచాయి, నాలుగోది పూతలో మునిగింది. నెత్తి మీద తీగ ఒరిసిన గాడి ఒకవైపే లోతు. స్తంభం వంపులో ఉండి ఉంటుంది."